డీయూ మారినా కాల్ తెగకూడదంటే: విజయనగరం–శ్రీకాకుళం దారిలో 5జీ హ్యాండోవర్ సరిచేసే పద్ధతి

5జీలో టవర్ల రేడియో పనిని దగ్గర్లో ఉండి నడిపేది డీయూ (డిస్ట్రిబ్యూటెడ్ యూనిట్), డీయూలను పైనుంచి నడిపేది సీయూ (సెంట్రల్ యూనిట్). ఫోన్ ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు మారడమే హ్యాండోవర్. ఫీల్డ్‌లో కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఒక డీయూ కింద ఉన్న సెల్ నుంచి పక్క డీయూ సెల్‌కు ఫోన్ మారేచోట కాల్ తెగిపోతోంది. ఏ పారామీటర్ మార్చమంటారు?"

నా జవాబు: ప్రస్తుతానికి ఏదీ మార్చకండి. డీయూ సరిహద్దులో తెగే కాల్‌కు అసలు కారణం చాలాసార్లు హ్యాండోవర్ ఎప్పుడు జరగాలో చెప్పే ఆఫ్‌సెట్‌లోనో టైమర్‌లోనో ఉండదు. తప్పు నైబర్ ఎంట్రీలోనో (పక్క సెల్ వివరాల నమోదు), గడియారం కలిపే జీపీఎస్‌లోనో, డీయూకి సీయూకి మధ్యనున్న లింకులోనో ఉంటుంది. అవి చూడకుండా ఆఫ్‌సెట్ తిప్పితే ఒక చోట తగ్గిన ఫిర్యాదు ఇంకో చోట లేస్తుంది. కింద చెప్పే పనుల వరుస మార్చొద్దు. పారామీటర్ల వంతు 7వ అంకెలో వస్తుంది.

ఇదంతా స్టాండలోన్ 5జీకి వర్తించేది. 4జీ యాంకర్ మీద నడిచే నాన్-స్టాండలోన్‌లో పగ్గాలు 4జీ సైట్ చేతిలో ఉంటాయి, అక్కడ ప్రొసీజర్ వేరు.

1. ముందు కాగితం మీద: ఏ పని ఎక్కడ జరుగుతుంది

సీయూలో ఆర్‌ఆర్‌సీ (ఫోన్‌కి ఆదేశాలిచ్చేది), ఎస్‌డీఏపీ (డేటాని ప్రాధాన్యం ప్రకారం సర్దేది), పీడీసీపీ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేది) పొరలుంటాయి. డీయూలో ఆర్‌ఎల్‌సీ (ప్యాకెట్లను ముక్కలు చేసి, పోతే మళ్లీ పంపేది), మ్యాక్ (ఎవరి వంతు ఎప్పుడో తేల్చేది), ఫిజికల్ లేయర్ పైభాగం. టవర్ మీది ఆర్‌యూలో (రేడియో యూనిట్) మిగిలిన రేడియో పని. సీయూకి డీయూకి మధ్య ఉన్నది ఎఫ్1 ఇంటర్‌ఫేస్. సీయూని కంట్రోల్ వైపు, యూజర్ వైపు విడదీస్తే ఆ రెండిటి మధ్య ఈ1.

ఒక సెల్ ఒకే డీయూకి చెందుతుంది. ఒక డీయూ కింద మాత్రం చాలా సెల్స్ ఉండొచ్చు. కాబట్టి ఫోన్ కదలిక మూడు రకాలు:

- ఒకే డీయూలో సెల్ మారడం. అన్నిటికంటే తేలిక.
- ఒకే సీయూ కింద డీయూ మారడం. కోర్ నెట్‌వర్క్‌కి ఈ సంగతే తెలియదు. పీడీసీపీ పాత చోటే ఉంటుంది గనక సెక్యూరిటీ కీ మార్చకుండానే పని నడిపించవచ్చు.
- సీయూ కూడా మారడం. కీ మారుతుంది, కోర్ వైపు పాత్ స్విచ్ (డేటా దారి మళ్లింపు) కావాలి. ఎక్స్‌ఎన్ లింకు (రెండు సీయూల మధ్య నేరు దారి) లేకపోతే మొత్తం కోర్ మీదుగా చుట్టి రావాలి.

కాల్ తెగుతున్న సెల్ జంటను తీసుకుని, అది ఈ మూడింటిలో ఏ రకమో రాసుకోండి. ఇది తెలియకుండా లాగ్ తెరవడం దండగ.

2. సరిహద్దు ఎక్కడ గీయాలి

కొత్త క్లస్టర్ (సైట్ల గుంపు) ప్లాన్ చేస్తున్నవాళ్లకు ఈ భాగం ముఖ్యం. ఉన్న క్లస్టర్‌ని సరిదిద్దేవాళ్లు కూడా చదవండి. కొన్నిసార్లు ఒక సైట్‌ని పక్క డీయూ కిందకి మార్చడమే అసలు పరిష్కారం.

మండల సరిహద్దుల ప్రకారం డీయూలు పంచడం ఆఫీసు మ్యాప్‌లో అందంగా ఉంటుంది. జనం మండలాల ప్రకారం కదలరు. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సు నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా పోతుంది. రైలు దారి పూర్తిగా వేరు: నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి, ఆపైన ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్. రెండు దారులకూ విడివిడిగా సరిహద్దు చూడాలి.

పాటించాల్సినవి:

- సరిహద్దు గీత దారిని ఒక్కసారి అడ్డంగా కోయాలి. దారి పొడుగునా సమాంతరంగా పోతే కుడివైపు సెల్స్ ఒక డీయూ, ఎడమవైపు సెల్స్ ఇంకో డీయూ అయిపోతాయి. ఫోన్ దారంతా రెండిటి మధ్య ఊగుతూ ఉంటుంది.
- వాహనాలు వేగంగా పోయే చోట కాక, నెమ్మదించే చోట కోయండి. రైలు మార్గంలో రెండు స్టేషన్ల మధ్య కంటే స్టేషన్ దగ్గర మేలు.
- వంతెన మధ్యలో ఎప్పుడూ వద్దు. నాగావళి మీద నిలబడితే అడ్డు లేని నీళ్ల మీదుగా ఎక్కడో దూరపు టవర్ కూడా బలంగా వినిపిస్తుంది. అక్కడ ఏ సెల్ గెలుస్తుందో ముందే చెప్పలేం.
- సీయూ సరిహద్దు ఇంకా జాగ్రత్తగా పెట్టాలి. రోజూ పనికి వెళ్లొచ్చే జనం దాటే చోట పెట్టొద్దు.

3. గుర్తింపు సంఖ్యలు, నైబర్ పట్టిక

ఈ పని విసుగు. అందుకే ఎవరూ శ్రద్ధగా చేయరు, అందుకే ఎక్కువ తప్పులు ఇక్కడే దొరుకుతాయి.

5జీలో పీసీఐ (ప్రతి సెల్ గాల్లో ప్రసారం చేసే గుర్తింపు నంబరు) విలువలు 0 నుంచి 1007 వరకు, మొత్తం 1008. సంఖ్య పరిమితం కాబట్టి మళ్లీ మళ్లీ వాడాల్సిందే. ఫోన్ మెజర్‌మెంట్ రిపోర్టులో సాధారణంగా పీసీఐ మాత్రమే పంపుతుంది. ఆ పీసీఐ ఏ డీయూ కింద ఉన్న ఏ సెల్‌దో సీయూ తన నైబర్ పట్టిక చూసి తేల్చుకుంటుంది.

ఇప్పుడు ఒక చిక్కు ఊహించండి. మీ సెల్‌కి ఒకే పీసీఐ ఉన్న నైబర్లు ఇద్దరున్నారు, ఒకరు దగ్గరి డీయూలో, ఇంకొకరు దూరపు డీయూలో. ఫోన్ దగ్గరిదాన్ని చూసి రిపోర్ట్ చేసింది. సీయూ దూరపు డీయూకి కబురు పంపింది. అది "సరే, చోటు సిద్ధం" అంది. ఫోన్ వెళ్లి దగ్గరి సెల్ తలుపు తట్టింది. అక్కడ దీని సంగతి ఎవరికీ తెలియదు. టీ304 (కొత్త సెల్‌లో చేరడానికి ఫోన్‌కిచ్చిన గడువు) ముగిసింది, కాల్ పోయింది.

దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది: ఆ జంటకు ప్రిపరేషన్ సక్సెస్ (కొత్త చోటు సిద్ధం కావడం) దాదాపు నూటికి నూరు, ఎగ్జిక్యూషన్ సక్సెస్ (ఫోన్ నిజంగా అక్కడ చేరడం) మాత్రం నేల మీద. ఇది కనిపిస్తే వేరే ఏదీ చూడకముందే పీసీఐ జతలు వెతకండి. నైబర్లలోనే కాదు, నైబర్ల నైబర్లలో కూడా.

చెక్‌లిస్ట్:

- ఒకే సీయూ కింది డీయూల సెల్స్ అన్నిటిలో జీఎన్‌బీ ఐడీ (5జీ బేస్ స్టేషన్ గుర్తింపు సంఖ్య) ఒకటేనా? దాని పొడవు 22 నుంచి 32 బిట్ల మధ్య ఎంత పెట్టారో అన్ని చోట్లా అదే ఉందా? పక్క సీయూతో ఈ పొడవు దగ్గర పొరపాటు పడితే ఎక్స్‌ఎన్ హ్యాండోవర్ తప్పు చోటికి పోతుంది.
- ఎదురెదురు సెల్స్ పీసీఐలను 3తో భాగిస్తే ఒకే శేషం రాకుండా ఉందా?
- నైబర్ సంబంధం రెండు వైపులా ఉందా? శ్రీకాకుళం వైపు వెళ్తే పనిచేసి, తిరుగు దారిలో తెగుతుంటే మొదట ఇదే చూడాలి.
- నైబర్ ఎస్‌ఎస్‌బీ (సెల్ తన ఉనికి చాటే సిగ్నల్) ఫ్రీక్వెన్సీ, ట్రాకింగ్ ఏరియా కోడ్ (సెల్ ఉన్న ప్రాంతం కోడ్) పట్టికలో సరిగ్గా ఉన్నాయా?
- ప్రాక్ రూట్ సీక్వెన్స్ (ఫోన్ సెల్ తలుపు తట్టే సంకేతానికి మూలం) పక్క డీయూ సెల్‌తో కలిసిపోతోందా? ఒక డీయూ కాన్ఫిగరేషన్ ఫైల్‌ని కాపీ కొట్టి రెండో డీయూకి ఎక్కించిన చోట ఇది తప్పకుండా దొరుకుతుంది.

4. గడియారాలు కలిశాయా

మన దగ్గర 5జీకి ఎక్కువగా వాడుతున్న 3.3 గిగాహెర్ట్జ్ పైన ఉన్న ఎన్78 బ్యాండ్ టీడీడీ. అంటే పంపడం, వినడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా జరుగుతాయి. కవరేజీ ఒకదాని మీద ఒకటి పడే సెల్స్ ఫ్రేమ్ మొదలయ్యే సమయంలో తేడా 3 మైక్రోసెకన్లు దాటకూడదని 3జీపీపీ (మొబైల్ ప్రమాణాల సంస్థ) నియమం. ఒకే డీయూలో ఇది పెద్ద సమస్య కాదు. సమయం కోసం రెండు డీయూలు రెండు వేర్వేరు జీపీఎస్ యాంటెన్నాల మీద ఆధారపడితే మాత్రం ఒకటి జారినా రెండోదానికి తెలియదు.

జారిన డీయూ వైపు రెండు జబ్బులు కనిపిస్తాయి. సరిహద్దు సెల్స్‌లో అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కి వచ్చే దారి) నాయిస్ పెరుగుతుంది. జారుడు మరీ పెద్దదైతే, నైబర్‌ని వెతకమని ఫోన్‌కి చెప్పిన ఎస్‌ఎమ్‌టీసీ కిటికీలో (కొలిచే సమయంలో) ఆ సెల్ ఎస్‌ఎస్‌బీ పడదు. ఫోన్ పక్క టవర్ కిందే ఉన్నా రిపోర్ట్ పంపదు.

- రెండు డీయూలలోనూ సింక్ స్టేటస్ చూడండి: లాక్ అయిందా, హోల్డోవర్‌లో (జీపీఎస్ అందక సొంత గడియారం మీద) ఉందా.
- హోల్డోవర్ అలారం వచ్చి పోతుంటే "ఇప్పుడు లేదు కదా" అని వదిలేయొద్దు. వచ్చిన సమయాలను కాల్ డ్రాప్ సమయాలతో పక్కపక్కన పెట్టి చూడండి.
- యాంటెన్నా మీదకి కొబ్బరి మట్టలు వాలాయా, కొత్తగా కట్టిన నీళ్ల ట్యాంకు అడ్డొచ్చిందా అని రిగ్గర్‌ని ఫొటో పంపమనండి. ఫొటో లేకుండా "ఓకే సార్" అంటే నమ్మొద్దు.

5. ఎఫ్1 దారి

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. డీయూ మారే హ్యాండోవర్‌లో ఫోన్‌కి ఆదేశం చేరేలోపు ఎఫ్1 మీద నాలుగు ప్రయాణాలు: రిపోర్ట్ పైకి, కొత్త డీయూకి అభ్యర్థన, దాని జవాబు, పాత డీయూకి ఆదేశం. ఒక్కో ప్రయాణానికి 5 మిల్లీసెకన్లు పట్టినా మొత్తం 20. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు సెకనుకు సుమారు 30 మీటర్లు కదులుతుంది. అంటే 20 మిల్లీసెకన్లలో అర మీటరు పైచిలుకు. ఇది ఏమీ కాదు.

కాబట్టి "ఫైబర్ దూరం ఎక్కువ, అందుకే తెగుతోంది" అనే మాట నేను తొందరగా ఒప్పుకోను. ఫైబర్‌లో ఆలస్యం కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లే. ప్రమాదమంతా ప్యాకెట్ మధ్యలో తప్పిపోవడంలో ఉంది. ఎఫ్1 కంట్రోల్ సందేశాలు ఎస్‌సీటీపీ (సందేశం తప్పక చేరేలా చూసే ప్రోటోకాల్) మీద నడుస్తాయి. ప్యాకెట్ తప్పిపోతే మళ్లీ పంపడానికి వేచి ఉండే కనీస సమయం దాని సాధారణ డిఫాల్ట్‌లో 1 సెకను. ఒక్క సెకనంటే ఆ రైలు 30 మీటర్లు ముందుకు పోయింది, పాత సెల్ సిగ్నల్ అప్పటికే కూలిపోయి ఉండొచ్చు. రింగ్‌లో ఒకవైపు ఫైబర్ తెగి, ట్రాఫిక్ అంతా రెండో వైపుకి మళ్లి, లింకు కిక్కిరిసినప్పుడు జరిగేది ఇదే. రోడ్డు వెడల్పు పనులు ఎక్కడ జరుగుతున్నా జేసీబీ ముందు పలకరించేది మన కేబుల్‌నే.

చెక్‌లిస్ట్:

- ఎస్‌సీటీపీ పోర్ట్ 38472, జీటీపీ-యూ (యూజర్ డేటా టనెల్) కోసం యూడీపీ పోర్ట్ 2152: రెండూ రెండు డీయూల నుంచి సీయూ దాకా తెరిచి ఉన్నాయా?
- ఎంటీయూ (లింకు మోయగల అతిపెద్ద ప్యాకెట్ సైజు) సరిపోతుందా? 1500 బైట్ల ప్యాకెట్‌కి జీటీపీ-యూ, యూడీపీ, ఐపీవీ4 హెడర్లు కలిస్తే కనీసం 36 బైట్లు అదనం. ఐపీసెక్ (లింకు ఎన్‌క్రిప్షన్) ఉంటే ఇంకా పెరుగుతుంది. మామూలు పింగ్ చేరుతుంది, పెద్ద సైజు పింగ్ చేరదు అంటే ఇదే తప్పు. డోంట్-ఫ్రాగ్మెంట్ పెట్టి పెద్ద సైజుతోనే పరీక్షించండి.
- కంట్రోల్ ట్రాఫిక్‌కి క్యూఓఎస్ (ప్రాధాన్యం) మార్కింగ్ దారిలో ప్రతి రౌటర్ దగ్గరా నిలుస్తోందా? మధ్యలో ఒక్క రౌటర్ దాన్ని చెరిపేసినా చాలు.
- ఎస్‌సీటీపీకి రెండో దారి ఉందా? ఉంటే అది నిజంగా వేరే ఫైబరా, లేక అదే గొయ్యిలో పోతున్న రెండో తీగా?
- రీట్రాన్స్‌మిషన్ కనీస సమయాన్ని తగ్గించుకునే వీలు మీ పరికరంలో ఉందేమో వెండర్‌ని అడగండి.

6. ఒక్క ఫోన్‌ని మొదటి నుంచి చివరి దాకా ట్రేస్ చేయండి

వారం రోజుల కేపీఐ (పనితీరు అంకెలు) సగటు చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు ఎక్కువ. నేనైతే ఒక టెస్ట్ ఫోన్, ఒక దాటుడు, పూర్తి ట్రేస్ అంటాను. సీయూలో ఆ ఫోన్‌కి ట్రేస్ పెట్టి, కింది వరుసలో ఎక్కడ ఆగిందో చూడాలి:

1. ఫోన్ నుంచి మెజర్‌మెంట్ రిపోర్ట్. పాత డీయూ దాన్ని సీయూకి పంపుతుంది.
2. సీయూ నుంచి కొత్త డీయూకి యూఈ (ఫోన్) కాంటెక్స్ట్ సెటప్ రిక్వెస్ట్.
3. కొత్త డీయూ జవాబు. అందులోనే కొత్త సెల్ రేడియో కాన్ఫిగరేషన్ ఉంటుంది.
4. యూజర్ వైపు సీయూకి ఈ1 మీద కబురు: ఇకమీదట డేటా ఈ కొత్త టనెల్‌లో పంపు అని.
5. సీయూ నుంచి పాత డీయూకి యూఈ కాంటెక్స్ట్ మాడిఫికేషన్ రిక్వెస్ట్. ఫోన్‌కి ఇవ్వాల్సిన ఆర్‌ఆర్‌సీ రీకాన్ఫిగరేషన్, డేటా పంపడం ఆపమనే సూచన రెండూ ఇందులోనే.
6. పాత డీయూ ఆదేశాన్ని ఫోన్‌కి ఇస్తుంది. ఏ డేటా ఫోన్‌కి చేరలేదో సీయూకి చెప్తుంది.
7. కొత్త సెల్‌లో ర్యాండమ్ యాక్సెస్ (ఫోన్ తలుపు తట్టడం), ఆపైన రీకాన్ఫిగరేషన్ కంప్లీట్.
8. పాత డీయూలో కాంటెక్స్ట్ రిలీజ్.

ఆగిన మెట్టే రోగం చెప్తుంది. 1 లేదంటే కవరేజీ, గడియారం లేదా పారామీటర్. 2 పోయి 3 రాలేదంటే ఎఫ్1 లింకు. 3లో తిరస్కారం వస్తే కొత్త డీయూ చోటివ్వడం లేదు, కాజ్ కోడ్ చదవండి. 5 దాకా బాగుండి 7 లేదంటే పీసీఐ, ప్రాక్, లేదా ఆదేశం ఫోన్‌కి చేరేసరికే సిగ్నల్ పోయింది.

అన్నీ బాగున్నాయి, హ్యాండోవర్ సక్సెస్ అని రాసి ఉంది, కానీ కాల్‌లో మాట ఒకవైపే వినిపిస్తోంది, లేదా వీడియో అక్కడే నిలిచిపోతోంది: 4వ మెట్టు చూడండి. కొత్త డీయూకి యూజర్ డేటా టనెల్ లేవలేదు. హ్యాండోవర్ కేపీఐలో ఇది కనిపించదు. ఫోన్ చేత్తో పట్టుకుని దారి మీద తిరిగితేనే దొరుకుతుంది. రణస్థలం దగ్గర టీ కొట్టులో విన్న ఫిర్యాదు, "ఏటి బాబూ, గీతలు నిండుగా ఉంటాయి గానీ మాట మాత్రం ఇనబడదు" అని, మక్కీకి మక్కీ ఇదే.

7. ఇప్పుడు పారామీటర్లు

ఇక్కడి దాకా అంతా శుభ్రంగా ఉంటేనే ముట్టుకోండి. ముందు ప్రస్తుత విలువలు బ్యాకప్ తీసుకోండి.

ఎక్కువగా వాడేది ఏ3 ఈవెంట్ (నైబర్ మన సెల్ కంటే బలపడిందని ఫోన్ రిపోర్ట్ పంపే షరతు). నైబర్ బలం నుంచి హిస్టరిసిస్ (ఊగిసలాట ఆపడానికి పెట్టే అదనపు తేడా) తీసేసినా, అది మన సెల్ బలానికి ఆఫ్‌సెట్ కలిపినదానికంటే ఎక్కువ ఉండాలి. ఆఫ్‌సెట్ 2 డీబీ, హిస్టరిసిస్ 1 డీబీ అయితే నైబర్ 3 డీబీకి మించి బలంగా ఉండాలన్నమాట. అది కూడా టైమ్-టు-ట్రిగర్ అంతసేపూ నిలవాలి.

టైమ్-టు-ట్రిగర్ 320 మిల్లీసెకన్లు అంటే 110 కిలోమీటర్ల వేగంలో సుమారు 10 మీటర్లు. చాలామంది ఇది ఒక్కటే చూసి ఫిల్టర్ (పాత, కొత్త కొలతలను కలిపి సగటు చేసేది) సంగతి మరిచిపోతారు. ఫిల్టర్ కోఎఫిషెంట్ 4 అయితే ప్రతి కొత్త కొలతకీ సగం బరువే. కొలత సుమారు 200 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుందనుకుంటే, నిజంగా పడిపోయిన సిగ్నల్ లెక్కలోకి పూర్తిగా రావడానికి అరసెకను పైనే పడుతుంది. రైలు మార్గంలో టైమ్-టు-ట్రిగర్ ఎంత కోసినా ఫలితం లేదంటే ఫిల్టర్ విలువ చూడండి.

మొదలుపెట్టడానికి నేను పెట్టే విలువలు, తర్వాత మీ కొలతను బట్టి మార్చుకోవాలి:

- పట్టణం లోపల: ఆఫ్‌సెట్ 3, హిస్టరిసిస్ 1 నుంచి 2 డీబీ, టైమ్-టు-ట్రిగర్ 320.
- జాతీయ రహదారి: ఆఫ్‌సెట్ 2, హిస్టరిసిస్ 1, టైమ్-టు-ట్రిగర్ 160 నుంచి 256.
- రైలు మార్గం: ఆఫ్‌సెట్ 2, హిస్టరిసిస్ 1, టైమ్-టు-ట్రిగర్ 100 నుంచి 160.

సెల్ మొత్తానికి ఆఫ్‌సెట్ మార్చడం కంటే, తెగుతున్న ఆ ఒక్క జంటకే సెల్ ఇండివిడ్యువల్ ఆఫ్‌సెట్ మార్చడం మేలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఒకే రోజు మూడు మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

పండగ రోజుల్లో ట్యూనింగ్ వద్దు. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు, అరసవల్లిలో రథసప్తమి నాడు వచ్చే అంకెలు మామూలు రోజుకి పనికిరావు.

8. తప్పు రకాన్ని బట్టి దిద్దుబాటు

ఆలస్యం: పాత సెల్‌లో లింకు తెగి, ఫోన్ కొత్త సెల్‌లో తిరిగి లేస్తుంది. బొబ్బిలి–పార్వతీపురం వైపు కొండ మలుపుల్లో సిగ్నల్ ఒక్కసారిగా కూలిపోయే చోట ఇది సహజం. ఆ జంటకు హ్యాండోవర్ ఇంకా ముందే జరిగేలా ఆఫ్‌సెట్ 1 లేదా 2 డీబీ మార్చండి.

తొందర: హ్యాండోవర్ అయిన వెంటనే, లేదా అవుతుండగానే తెగి, ఫోన్ పాత సెల్‌లోనే లేస్తుంది. హ్యాండోవర్ కాస్త ఆలస్యమయ్యేలా ఆఫ్‌సెట్ మార్చండి, టైమ్-టు-ట్రిగర్ పెంచండి.

తప్పు సెల్: వెళ్లింది ఒకచోటికి, లేచింది మూడో చోట. దూరపు సెల్ పొడుచుకొచ్చిందని అర్థం. వంతెనలు, సముద్ర తీరం, కళింగపట్నం వైపు చదును నేల దీనికి పెట్టింది పేరు. ఇది ఆఫ్‌సెట్‌తో తీరేది కాదు, యాంటెన్నా వంపు పెంచాలి. ప్రాక్ సెల్ రేడియస్ పరిధి దాటిన ఫోన్లకు ర్యాండమ్ యాక్సెస్ ఎలాగూ సరిగా పడదు.

పింగ్‌పాంగ్: కొన్ని సెకన్లలోనే అటూ ఇటూ. హిస్టరిసిస్ పెంచే ముందు, ఇటు నుంచి అటుకి, అటు నుంచి ఇటుకి పెట్టిన ఆఫ్‌సెట్లు రెండూ కలిపి చూడండి. రెండు డీయూలని ఇద్దరు ఇంజినీర్లు విడివిడిగా ట్యూన్ చేసి, ఇద్దరూ "నీ దగ్గరకే పంపుతా" అన్నట్టు పెట్టి ఉంటారు.

9. షరతుతో హ్యాండోవర్, ఎల్‌టీఎం

3జీపీపీ ప్రమాణాల రిలీజ్ 16లో వచ్చిన కండిషనల్ హ్యాండోవర్‌లో సిగ్నల్ బాగున్నప్పుడే ఆదేశం ఫోన్‌కి ఇచ్చేస్తారు. షరతు తీరగానే ఫోనే కదులుతుంది. 8 సెల్స్ దాకా ముందే సిద్ధం చేయొచ్చు. అంతమాత్రాన అన్నీ చేయకండి, ప్రతి డీయూలోనూ చోటు అట్టే పెట్టి ఉంచాలి. రైలు మార్గంలో ముందున్న సెల్స్ రెండు చాలు. ఆలస్యం రకం తప్పులకు ఇది బాగా పనికొస్తుంది.

రిలీజ్ 18లోని ఎల్‌టీఎంలో (లేయర్ 1/లేయర్ 2 ట్రిగర్డ్ మొబిలిటీ) నిర్ణయం డీయూ తీసుకుని మ్యాక్ స్థాయిలోనే ఆదేశం ఇస్తుంది. ఆ రిలీజ్‌లో ఇది ఒకే సీయూ కిందే. రెండిటికీ ఫోన్ సపోర్ట్ కావాలి. ఆన్ చేసే ముందు మీ ప్రాంతంలో ఎన్ని ఫోన్లకు ఆ సామర్థ్యం ఉందో సీయూ లెక్కల్లో చూసుకోండి.

10. పరీక్షించి వదిలిపెట్టడం

- దారికి రెండు వైపులా డ్రైవ్ టెస్ట్. రైలులో కూడా, బోగీ లోపల కూర్చుని.
- ఒక ఫోన్‌లో వాయిస్ కాల్, ఇంకో ఫోన్‌లో ఆగకుండా డౌన్‌లోడ్.
- ప్రిపరేషన్, ఎగ్జిక్యూషన్, రీఎస్టాబ్లిష్‌మెంట్ (తెగిన ఫోన్ తిరిగి లేవడం) లెక్కలు సెల్ జంటల వారీగా. క్లస్టర్ సగటు వద్దు.
- మార్చిన జంటకి పక్కనున్న జంటలు కూడా. చెడితే అక్కడే చెడుతుంది.
- వారం చూసి బాగోలేకపోతే బ్యాకప్‌కి తిరిగి వెళ్లడం. మొహమాటం వద్దు.
- ఒక డీయూని కావాలని ఆపి, దాని అవతలి సెల్స్ నైబర్లుగా ఉన్నాయో లేదో చూడటం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటి పరిస్థితి ఊహించుకోండి. కరెంటు లేక మధ్య డీయూ పడుకుంటే, నిన్నటిదాకా ఒకరికొకరు కనపడని సెల్స్ పక్కపక్కకి వస్తాయి. ఆ జంటలకి నైబర్ ఎంట్రీ, పీసీఐ తేడా ఇప్పుడే చూసి పెట్టాలి. ఈ పరీక్ష రాత్రి 2 గంటల తర్వాత, పర్మిట్ తీసుకుని మాత్రమే చేయండి.